మూడు వేలలో మంచి హెడ్‌ఫోన్ వస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం హెడ్‌ఫోన్ల మీదే. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం. ధరలు వారానికోలా మారతాయి కాబట్టి ఇక్కడ చెప్పినవన్నీ సుమారు లెక్కలే.

ప్రశ్న: హాస్టల్లో ఉంటాను. వినేవి ఎక్కువగా పాత సినిమా పాటలు, కర్ణాటక కచేరీలు. ఇంతవరకూ ఫోన్‌తో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్సే వాడాను. ఇప్పుడు మూడు వేలు కూడబెట్టాను. ఇంత తక్కువలో మంచివి రావు, పది వేలు అయ్యేదాకా ఆగమని రూమ్మేట్ అంటున్నాడు. ఆగమంటారా?
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆగక్కర్లేదు. వైరున్నవి కొనేటట్టయితే మీ మూడు వేలలో ఒక వెయ్యి మిగలొచ్చు కూడా. ధర పెరిగేకొద్దీ వినికిడి బాగుపడుతుందన్న లెక్క ఈ వస్తువు దగ్గర సరిగ్గా పనిచేయదు. యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బిగ్గరగా పలుకుతుందన్నదానికీ, పెట్టె మీది ధరకీ పొంతన కనబడలేదు. అధిక ధరలో చాలా భాగం బ్లూటూత్‌కి, బ్యాటరీకి, నాయిస్ క్యాన్సిలింగ్‌కి, మెత్తటి తోలుకి, పేరుకి పోతుంది. అవి మీకు అవసరమైతే దండగ కాదు. పాట కోసమే అయితే మాత్రం దండగే.

ముందు తేల్చుకోవాల్సింది ఏ కంపెనీ అన్నది కాదు, ఎక్కడ కూర్చుని వింటారన్నది. వెనక జల్లెడలా తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకాన్ని చాలామంది తెగ మెచ్చుకుంటారు. నిజమే, పాట తలలో ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త ఎడంగా, విశాలంగా వినబడుతుంది. కానీ హాస్టల్ గదిలో ఫ్యాను రొద, పక్క మంచం మీద కబుర్లు అన్నీ లోపలికొస్తాయి, మీ పాట పక్కవాళ్ళకీ వినబడుతుంది. వెనక మూసి ఉండే పెద్ద రకం ఆ చప్పుడు ఆపుతుంది గానీ, ఏప్రిల్, మే నెలల్లో మీ ఊరి ఎండకి గంటసేపు చెవుల మీద ఉంచుకోవడం కష్టం. కాబట్టి చెవిలో పెట్టుకునే వైరు రకం, అంటే ఐఈఎం, మీకు సరిపోతుంది. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ సాల్నోట్స్ జీరో: రెండూ రెండు వేలకి అటూ ఇటూగా దొరుకుతాయి. రెండింటికీ వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. 0.78 మి.మీ. రెండు పిన్నుల రకం, విడిగా దొరుకుతుంది. ‘చూ’ మొదటి వెర్షన్‌కి ఈ సౌకర్యం లేదు, వైరు లోపలే అతికించి ఉంటుంది. పాత స్టాకు చవగ్గా ఇస్తామన్నా వద్దనండి. ఈ ధరలో వస్తువు పాడయ్యేది ఎక్కువగా వైరు దగ్గరే.

పాత పాటల విషయంలో ఒక మాట. 1950, 60ల నాటి సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. ఎడమకీ కుడికీ ఒకటే శబ్దం. విశాలత, వాయిద్యాల ఎడం అంటూ రివ్యూల్లో రాసేవి అక్కడ అక్కరకు రావు. పైగా ఆ రికార్డింగుల్లో టేపు బుస ఎంతో కొంత ఉంటుంది. బాస్, ట్రెబుల్ రెండూ ఎగదోసి ట్యూన్ చేసిన చవక ఇయర్‌ఫోన్లలో ఆ బుసే ముందుకొచ్చి గొంతు వెనక్కి పోతుంది. మీకు కావాల్సింది గొంతు ఉండే మధ్య భాగం తిన్నగా ఉన్నవి. కొనే ముందు వినే అవకాశం దొరికితే కచేరీ ఒకటి పెట్టండి. తంబుర మోత దోమల రొదలా సన్నబడకుండా నిండుగా ఉండాలి. మృదంగం మీద ఎడమ చేతి దెబ్బ గుమ్మని లేచి వెంటనే ఆగిపోవాలి, గొంతు మీదికి పాకకూడదు. ‘స’, ‘శ’ పలికినప్పుడు చెవిలో గుచ్చుకుంటే ఆ ఇయర్‌ఫోన్ మీది కాదు.

ఇక ఐఈఎం కొన్నవాళ్ళు పదిమందిలో సగం మంది చేసే పొరపాటు: పెట్టెలోంచి తీయగానే ఏ రబ్బరు బుడిపె ఉంటే దాంతోనే విని, బాస్ లేదని తిట్టుకోవడం. బుడిపెకీ చెవి గోడకీ మధ్య సన్న సందున్నా కింది స్వరాలన్నీ అందులోంచే జారిపోతాయి. పెట్టెలో మూడు సైజులు ఇస్తారు. మూడూ రెండు చెవులకీ విడివిడిగా పెట్టి చూడండి. ఎడమ చెవికి పెద్దది, కుడి చెవికి మధ్యది కావాల్సి రావడం మామూలే. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, ఇయర్‌ఫోన్‌ని కొంచెం తిప్పుతూ లోపలికి జరపండి. వైరు చెవి మీదుగా వెనక్కి పోవాలి. కిందికి వేలాడదీస్తే చొక్కాకి తగిలిన ప్రతిసారీ గరగర వినబడుతుంది. సరిగ్గా కూర్చున్న క్షణం మీకే తెలుస్తుంది, ఫ్యాను చప్పుడు తగ్గి మృదంగం ఒక్కసారిగా నిండుతుంది. ఏ సైజుకీ అలా జరగకపోతే ఫోమ్ బుడిపెలు కొనండి. వేళ్ళతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి అర నిమిషం పట్టుకుంటే చెవి ఆకారానికి ఉబ్బుతాయి. అయితే అవి కొద్ది నెలలకే గట్టిపడి పాడవుతాయి, మార్చుకుంటూ ఉండాలి.

ప్రశ్న: రోజూ గుంటూరు నుంచి విజయవాడకి బస్సులో తిరుగుతాను. పదిహేను వందలకి ఇయర్‌బడ్స్ కొన్నాను. పెట్టె మీద ‘ఈఎన్‌సీ నాయిస్ క్యాన్సిలేషన్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. బస్సు రొద మాత్రం ఏమీ తగ్గలేదు. వస్తువు లోపమా?
– ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

జవాబు: వస్తువు లోపం కాదు, పెట్టె మీది తెలివి. ఈఎన్‌సీ మీ చెవి కోసం పెట్టింది కాదు, అవతల ఫోన్‌లో మాట్లాడే మనిషి కోసం. మీ మైకులోకి వెళ్ళే చుట్టుపక్కల చప్పుడును తగ్గించి మీ గొంతును పంపుతుంది. మీరు అనుకున్నది ఏఎన్‌సీ. అది బయటి శబ్దాన్ని మైకుతో విని, దానికి ఎదురు శబ్దాన్ని మీ చెవిలో పుట్టిస్తుంది. ఒక్క అక్షరం తేడా.

ఏఎన్‌సీ అయినా మాయ చేయదు. ఇంజను గుర్రు, ఏసీ హోరు వంటి ఆగకుండా ఒకేలా సాగే కింది స్థాయి శబ్దాలను బాగా తగ్గిస్తుంది. హారన్లు, కండక్టరు కేక, పక్క సీటు మాటలు దానికి అంతగా లొంగవు, అక్కడ పనిచేసేది రబ్బరు లేదా ఫోమ్ బుడిపె అడ్డే. పెట్టె మీద ‘ఇన్ని డెసిబెల్స్ తగ్గిస్తుంది’ అని వేసే అంకె ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠం, అన్నింటికీ వర్తించేది కాదు. మీ బడ్స్‌కే సరైన సైజు ఫోమ్ బుడిపెలు వేసి చూడండి. వాటితో ఛార్జింగ్ పెట్టె మూత పడుతుందో లేదో ముందే సరిచూసుకోండి, బడ్స్ కోసం చేసే పొట్టి ఫోమ్ వేరే ఉంటుంది.

మళ్ళీ కొనేటప్పుడు ఎల్‌డాక్, ఏఏసీ వంటి కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) పేర్ల వెంట పడకండి. ఎల్‌డాక్ గరిష్ఠంగా సెకనుకి 990 కిలోబిట్లు పంపగలదు నిజమే, కానీ రద్దీ చోట సిగ్నల్ కుదరక 330కి దిగిపోతుంది. మామూలు కోడెక్ ఎస్‌బీసీకి కూడా దాదాపు ఆ 330 సామర్థ్యం ఉంది. ఈ ధరలో బాగోగులు తేల్చేది ట్యూనింగూ, చెవిలో కుదురూ. అట్ట మీద, ఐఎస్‌ఐ మార్కు వేసే సంస్థ బీఐఎస్ ఇచ్చే ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. వేరే కంపెనీ పేరు వస్తే చేతిలో ఉన్నది నకిలీ అనుకోవచ్చు. ఇంకొకటి: బడ్స్‌లోని చిన్న బ్యాటరీలు రెండు మూడేళ్ళలో నీరసిస్తాయి, విప్పి మార్చే వీలు దాదాపు ఉండదు. వైర్లెస్ మీద పెట్టే డబ్బు ఆ కాలానికి అద్దె అనుకోండి.

ప్రశ్న: నా ఫోన్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేదు. వంద రూపాయల టైప్ సీ కన్వర్టర్ కొంటే ‘ఈ పరికరం పనిచేయదు’ అని వచ్చింది. అదే కన్వర్టర్ తమ్ముడి ఫోన్‌లో పనిచేస్తోంది!
– గృహిణి, కర్నూలు

జవాబు: కొన్ని ఫోన్లు టైప్ సీ రంధ్రం గుండానే సిద్ధంగా ఉన్న ఆడియోని బయటికి పంపుతాయి. మీ తమ్ముడి ఫోన్ ఆ రకం. దానికి లోపల ఏమీ లేని ఉత్త వైరు కన్వర్టర్ చాలు. మీ ఫోన్ అంకెల రూపంలో మాత్రమే పంపుతుంది, దాన్ని శబ్దంగా మార్చే డాక్ చిప్ కన్వర్టర్‌లోనే ఉండాలి. ‘డాక్ ఉన్నది’ అని స్పష్టంగా రాసి ఉన్నది కొనండి. చిప్ ఉన్నది మామూలుగా రెండు రకాల ఫోన్లలోనూ పనిచేస్తుంది. యాపిల్ వాళ్ళ టైప్ సీ కన్వర్టర్ నాణ్యతలో మంచిదే గానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ బాగా తక్కువ వస్తుంది, కాబట్టి అది మీకు వద్దు. ఛార్జింగ్ పెడుతూ వినే అలవాటుంటే రెండు రంధ్రాలున్నది తీసుకోండి.

ప్రశ్న: బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో పాటలు బాగానే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే అంతా పాత ల్యాండ్‌లైన్ గొంతులా మారిపోతుంది. మీటింగ్ అయిపోగానే మళ్ళీ బాగవుతుంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మాదాపూర్

జవాబు: మామూలు బ్లూటూత్ పాటకి ఒక దారి, మాటకి వేరే దారి వాడుతుంది. హెడ్‌ఫోన్ మైకు తెరుచుకోగానే రెండో దారిలోకి మళ్ళుతుంది. అందులో శబ్దం మోనో అయిపోతుంది, సెకనుకి తీసే నమూనాలు 8 వేలో 16 వేలో మాత్రమే. పాటలకి వాడేది 44 వేల పైచిలుకు. మందు తేలిక: మీటింగ్ యాప్ సెట్టింగుల్లో మైక్రోఫోన్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి, స్పీకర్ దగ్గర హెడ్‌ఫోన్‌నే ఉంచండి. వైరు హెడ్‌సెట్‌కి ఈ బాధ లేదు. ఆఫీసు డెస్క్‌టాప్‌లో మైకుకీ శబ్దానికీ వేరు వేరు రంధ్రాలుంటే మాత్రం ఒక ప్లగ్గును రెండుగా చీల్చే వై కేబుల్ కావాలి.

ప్రశ్న: తెలిసినాయన దగ్గర బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌ల రకం సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకి వస్తోంది. ఫోన్‌తో విందామనుకుంటున్నాను. ఓమ్‌లు ఎక్కువుంటే క్వాలిటీ ఎక్కువా?
– డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: కాదు. ఓమ్‌లు నాణ్యతకి కొలత కాదు, మీ ఫోన్ ఎంత బలంగా తోయాలో చెప్పే కొలత. లెక్క చూడండి. ఫోన్ జాక్ అర వోల్టు ఇస్తుందనుకుందాం. 250 ఓమ్‌లకి అది సరిగ్గా 1 మిల్లీవాట్. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కైతే అదే అర వోల్టు దాదాపు 8 మిల్లీవాట్లు. అంటే 9 డెసిబెళ్ళ తేడా. డీటీ 990 ప్రోకి మిల్లీవాట్‌కి 96 డెసిబెళ్ళు అని ఇస్తారు. అది పాటలోని అత్యంత బిగ్గర క్షణానికి దొరికే హద్దు. సగటు దానికి పదిహేను, ఇరవై కింద ఉంటుంది. ఇప్పటి సినిమా పాటలు గట్టిగా రికార్డు చేసినవి కాబట్టి నెట్టుకొస్తాయి. మెల్లగా రికార్డయిన వీణ కచేరీ పెడితే వాల్యూమ్ చివరికి వచ్చి ఇంకా కావాలనిపిస్తుంది. ఫోన్‌కి తోడుగా బలం ఇచ్చే యాంప్ (యాంప్లిఫయర్) ఖర్చు కూడా కలుపుకుంటేనే అది ‘సగం ధర’ అవునో కాదో తేలుతుంది. పైగా అది ఓపెన్ బ్యాక్, ట్రెబుల్ పదును ఎక్కువ.

స్పెసిఫికేషన్లు పోల్చేటప్పుడు ఇంకో చోట కాలు జారుతుంది. సెన్సిటివిటీని, అంటే ఎంత బలానికి ఎంత బిగ్గరగా మోగుతుందన్నదాన్ని, కొందరు మిల్లీవాట్‌కి, కొందరు వోల్టుకి లెక్కగట్టి రాస్తారు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి మిల్లీవాట్‌కి 103 అన్నా, వోల్టుకి 118 అన్నా ఒకటే. అంకె పెద్దదని మోసపోకండి, పక్కన ఏ యూనిట్ ఉందో చదవండి. ‘20 నుంచి 20,000 హెర్ట్జ్’ అన్న వరస పక్కన ఎన్ని డెసిబెళ్ళ హెచ్చుతగ్గులతో అన్నది లేకపోతే దానికి అర్థమే లేదు. రెండు వందల రూపాయల ఇయర్‌ఫోన్ మీద కూడా అదే ఉంటుంది.

ప్రశ్న: మా పాప తొమ్మిదేళ్ళది, కీబోర్డు నేర్చుకుంటోంది. ఇంట్లో అందరికీ ఇబ్బందని హెడ్‌ఫోన్ కొందామనుకుంటున్నాం. బ్లూటూత్ అయితే వైరు గొడవ ఉండదు కదా? చెవులకి ప్రమాదమా అని కూడా భయం.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: వాయించడానికి బ్లూటూత్ వద్దు. మీట నొక్కిన తర్వాత శబ్దం చెవికి చేరేసరికి సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. సినిమా చూసేటప్పుడు యాప్ బొమ్మను కూడా ఆలస్యం చేసి సర్దేస్తుంది. వేలికి ఆ సర్దుబాటు కుదరదు. పాప తాళం తప్పుతోందని మాస్టారు కోప్పడతారు, తప్పేమో హెడ్‌ఫోన్‌ది.

వెనక మూసి ఉండే, చెవి మొత్తాన్ని కప్పే తేలికపాటి వైరు హెడ్‌ఫోన్ తీసుకోండి. తలపట్టీని చిట్టచివరి వరకు కుదించినా మెత్తలు పాప చెవుల కిందికి జారుతున్నాయేమో షాపులోనే చూడండి, పెద్దల సైజులతో వచ్చే ఇబ్బంది ఇదే. చాలా కీబోర్డులకి 6.35 మి.మీ. లావు రంధ్రం ఉంటుంది. 3.5 నుంచి దానికి మార్చే అడాప్టర్ కొనేటప్పుడు ప్లగ్గు మీద నల్ల గీతలు రెండు ఉండాలి. ఒక్కటే ఉంటే అది మోనో, ఒక చెవిలోనే వినబడుతుంది. కళ్ళజోడు ఉన్న పిల్లలకి జోడు కాడ మెత్తని ఎత్తి పట్టి సందు చేస్తుంది, బాస్ పోతుంది. పలచటి కాడ, మెత్తటి మెత్త ఉంటే ఆ బాధ తక్కువ.

చెవుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి వారానికి 80 డెసిబెళ్ళ దగ్గర 40 గంటలు, పిల్లలకి 75 దగ్గర 40 గంటలు హద్దుగా చెబుతోంది. ప్రతి 3 డెసిబెళ్ళకీ గంటలు సగమవుతాయి. పాపకి 78 దగ్గర 20 గంటలు, 81 దగ్గర 10. ఇంట్లో మీటరు ఉండదు కాబట్టి ఇలా చేయండి: మీరే పెట్టుకుని, మామూలు గొంతుతో పక్కవాళ్ళని మాట్లాడమనండి. మాట అసలే వినబడకపోతే ఎక్కువైనట్టే. వినబడే చోట కీబోర్డు వాల్యూమ్ మీట పక్కన చిన్న స్టిక్కరు అంటించండి, పాప దాన్ని దాటకుండా.

ప్రశ్న: కొత్త హెడ్‌ఫోన్‌ని 100 గంటలు ఆపకుండా మోగిస్తేనే ‘ఓపెన్’ అవుతుందంటారు. నిజమేనా?
– పాఠకుడు, నల్గొండ

జవాబు: మారేది ఎక్కువగా మీ చెవి అలవాటు, కాస్తోకూస్తో మెత్తల కుదురు. ఆ వంద గంటలూ అయ్యేసరికి వాపసు ఇచ్చే గడువు దాటిపోతుంది, అసలు నష్టం అది. వచ్చిన రోజే పరీక్షించండి. మోనోలో ఉన్న గొంతు పెట్టండి, అది తల మధ్యలో ఉండాలి. ఒక పక్కకి ఒరిగితే హెడ్‌ఫోన్‌ని తిప్పి పెట్టుకోండి. ఒరుగు కూడా రెండో పక్కకి మారితే హెడ్‌ఫోన్ లేదా ఫోన్ లోపం, మారకపోతే మీ చెవిదో, చెవి గులిమిదో. గొంతు ఎక్కడుందో పట్టుకోలేనట్టు తల చుట్టూ చెదిరి, బాస్ మాయమైతే ఒక పక్క వైర్లు తారుమారుగా అతికించారన్నమాట. తర్వాత 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా పాకే టెస్ట్ టోన్‌ని తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. మొదట్లో ఎక్కడైనా జర్రుమని మోగితే లోపల వదులు భాగమో, డయాఫ్రమ్ (శబ్దం పుట్టించే పలచటి పొర) మీద వెంట్రుకో ఉంది. వెంటనే వాపసు చేయండి.

ప్రశ్న: వైరు హెడ్‌ఫోన్‌లో కుడి వైపు వస్తూ పోతూ ఉంది. ప్లగ్గు దగ్గర వంచితే వస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో బాగుచేయించాలా, నేనే చేయొచ్చా? సోల్డరింగ్ ఐరన్ ఉంది.
– ఐటీఐ విద్యార్థి, ఎల్బీ నగర్

జవాబు: మీరే చేయొచ్చు. ముందు ఫోన్ ఆపి, దాని రంధ్రంలో జేబు నూలు చేరిందేమో పన్నుపుల్లతో తీసి చూడండి, సగం ‘తెగిన వైర్ల’ కథ అక్కడే ముగుస్తుంది. తర్వాత మల్టీమీటరు. ప్లగ్గు కొసకీ పిడి వైపు భాగానికీ మధ్య ఎడమ వైపు, రెండు గీతల నడుమ ఉన్న భాగానికీ పిడికీ మధ్య కుడి వైపు చదవాలి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి దాదాపు అంతే, లేదా కాస్త తక్కువ చూపించాలి. వంచినప్పుడు అంకె ఎగిరిపోతే తెగింది అక్కడే.

ప్లగ్గుకి నాలుగు సెంటీమీటర్ల పైన కోయండి, నలిగిన భాగం మొత్తం పోవాలి. లోపల ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగువి గ్రౌండ్. గ్రౌండ్లు రెండుంటే కలిపి మెలిపెట్టండి. ఈ సన్న తీగల మీద రంగు పూత ఉంటుంది, అది ఇన్సులేషన్. దాన్ని తీయకుండా అతికిస్తే సోల్డర్ పైన మెరుస్తుంది, శబ్దం మాత్రం రాదు. ఐరన్ కొసన సోల్డర్ బొట్టు కరిగించి, తీగ కొనను అందులో ముంచి పొగ పోయి వెండిలా మెరిసేదాకా ఉంచండి. 350 డిగ్రీల పైన వేడి కావాలి, కిటికీ తెరిచి పెట్టుకోండి. కొత్త స్టీరియో ప్లగ్గులో కొసకి ఎడమ, మధ్య వలయానికి కుడి, పిడికి గ్రౌండ్. మైకున్న హెడ్‌సెట్ అయితే నాలుగు భాగాల ప్లగ్గు కావాలి. ఇప్పటి ఫోన్లలో గ్రౌండ్ మూడోది, మైకు చివరిది. అతికించాక ఒక్కో తీగ పక్కదానికి తగలకుండా సన్న టేపు చుట్టండి. అన్నిటికంటే ముందు ప్లగ్గు మూతను వైరులోకి ఎక్కించండి. అతికించాక గుర్తొస్తే అంతా విప్పి మొదటి నుంచి చేయాల్సిందే.